విశ్వవిజ్ఞానమున ఉపమానములు

శాస్త్రజ్ఞులకు గణితమే భాష యనియు, ఉపమానములతో వారికి పని లేదనియు సాహిత్యపరులలో చాలకాలముగా ఒక అభిప్రాయము ఉన్నది. ఖగోళభౌతిక శాస్త్రమున, విశ్వస్వరూప విజ్ఞానమున ఈ పది పదునైదేండ్లలో వెలువడిన ఫలితములను చదివినవారికి ఆ అభిప్రాయము నిలువదని తోచును. సమీకరణములు ఎంత సూక్ష్మములైనను, వానిలోని విషయములకు పేరు పెట్టవలసి వచ్చినప్పుడు శాస్త్రజ్ఞులు కవుల దారినే నడచినారు. 'బిగ్ బాంగ్', 'బ్లాక్ హోల్', 'డార్క్ మాటర్' అను మూడును రూపకములే. అవి తెలుగులోనికి 'మహావిస్ఫోటము', 'కృష్ణబిలము', 'కృష్ణపదార్థము' అను వేషములతో వచ్చినవి. ఆ రాకలో అర్థము ఎంత నిలిచినది, ఎంత జారినది అను విచారణ భౌతికశాస్త్రజ్ఞులకన్న సాహిత్య విమర్శకులు చేయదగినది. ఏలనన, ఉపమానముల గుణదోషములు నిర్ణయించుటకు వేయేండ్లకు పైబడి సాధనములు కూర్చుకొన్నది అలంకారశాస్త్రమే.

అలంకారికులు ఉపమకు నాలుగు అంగములు చెప్పినారు. చంద్రునివంటి ముఖము అన్నప్పుడు ముఖము ఉపమేయము, చంద్రుడు ఉపమానము, ఆహ్లాదము కలిగించుట సాధారణధర్మము, 'వంటి' అనునది వాచకము. చంద్రునిలోని మచ్చ ముఖమునకు రాదు, క్షీణించుట రాదు. ఏ ధర్మము రావలెనో, ఏది రాకూడదో పాఠకునకు సంప్రదాయము ముందే నేర్పియున్నది. శాస్త్రమున వచ్చు ఉపమానమునకు అట్టి సంప్రదాయరక్షణ లేదు. ఉపమేయమును పాఠకుడు ఎన్నడును చూచినవాడు కాడు. కావున ఉపమానములోని ధర్మములన్నియు దానికి అంటగట్టుకొనును. కావ్యములో ఉపమ చెడినచో ఒక పద్యము చెడును. ఇచట ఉపమ చెడినచో విషయమే చెడును.

ఈ దృష్టితో మొదట 'మహావిస్ఫోటము'ను పరిశీలింపవచ్చును. గెలాక్సీలు ఒకదానికొకటి దూరమగుచున్నవని సిద్ధాంతముగా 1927లో బెల్జియము దేశపు మతాచార్యుడు, గణితవేత్త జార్జి లమేత్ర్ ప్రతిపాదించినాడు. పరిశీలనముల వలన 1929లో ఎడ్విన్ హబుల్ దానిని బలపరచినాడు. 'బిగ్ బాంగ్' అను మాటను మాత్రము ఆ సిద్ధాంతమును అంగీకరింపని ఫ్రెడ్ హాయిల్ 1949లో బి.బి.సి. రేడియో ప్రసంగమున వాడినాడు. ఎగతాళికి అన్నాడని లోకప్రతీతి. శ్రోతలకు చిత్రము కట్టుటకే అన్నానని ఆయన చెప్పుకొన్నాడు. ఏమైనను, ప్రతిపక్షి పెట్టిన పేరే సిద్ధాంతమునకు స్థిరపడినది. ఆ పేరు బాగులేదని 1993లో అమెరికాలోని ఒక ఖగోళ పత్రిక పోటీ నడుపగా పదమూడు వేలకు పైగా పేర్లు వచ్చినవి. వానిలో ఒక్కటియు పాతదానిని తొలగింపదగినదిగా న్యాయనిర్ణేతలకు తోచలేదు.

విస్ఫోటము అనగా ఒకచోట జరుగును; దానికి కేంద్రము ఉండును; ముక్కలు అంతకుముందే ఉన్న ఖాళీలోనికి చిమ్మును; వెలుపల నిలిచి చూచువాడు ఉండవచ్చును. సిద్ధాంతము చెప్పునది ఇందులో ఏదియు కాదు. అంతరిక్షమే వ్యాకోచించుచున్నది. దానికి కేంద్రము లేదు. వెలుపల అనుట లేదు. తెలుగు వంటయింటిలోని పోలిక ఒకటి దీనికి మెరుగు. పులిసి పొంగుచున్న పిండిలో మిరియపు గింజలు కలిపినచో ఒక్కొక్క గింజ తక్కిన గింజలనుండి దూరమగును. ఎంత దూరపు గింజ అంత వేగముగా దూరమగును. ఏ గింజయు కేంద్రమునని చెప్పుకొనజాలదు. ఈ పోలికకును హద్దు ఉన్నది. పిండి గిన్నెకు అంచు కలదు. విశ్వమునకు అట్టి అంచు కనబడలేదు. ఆ హద్దును చెప్పి పోలికను వాడుటయే ఔచిత్యము.

మరి ఆంగ్లమున చెల్లిన మాట తెలుగున ఏల బాధించుచున్నది? ఇందుకు సమాధానము మన వ్యాకరణ సంప్రదాయమున దొరకును. పంకజము అను మాటకు అవయవార్థము బురదలో పుట్టినది. బురదలో పుట్టినవన్నియు పంకజములు కావు. తామర ఒక్కటే పంకజము. అది యోగరూఢి. 'బిగ్ బాంగ్' ఆంగ్ల శాస్త్రజ్ఞుల నోట ఏడు దశాబ్దములలో అట్లు రూఢిపడినది. వినువారికి చప్పుడు వినబడదు. దానిని అవయవార్థము పట్టి 'మహావిస్ఫోటము' అని మార్చినప్పుడు నిద్రించిన రూపకము మేల్కొన్నది. తెలుగు పాఠకునకు మందుగుండు పేలును. రూఢిపదమును యౌగికముగా అనువదించుట శాస్త్రానువాదమున పలుమారులు జరుగు దోషము. చచ్చిన రూపకమును బ్రతికించుట కావ్యమున గుణమే కావచ్చును. ఇచట అపార్థమునకు మూలము.

'కృష్ణబిలము' చరిత్ర వేరు. ఆంగ్లపదము 1964లోనే అచ్చులో కనబడినను, 1967 చివర జాన్ వీలర్ ఉపన్యాసమువలన ప్రచారమునకు వచ్చినది. భారతీయ సాహిత్యమున ఆ భావమునకు మొదట స్థానము కల్పించినవారిలో జయంత నార్లికర్ ముఖ్యుడు. ఆయన 1974లో మరాఠీ విజ్ఞాన పరిషత్తు కథల పోటీకి 'కృష్ణవివర్' అను కథను, తన పేరు పొడి అక్షరములను తిరుగవేసి కల్పించుకొన్న నారాయణ వినాయక జగతాప్ అను మారుపేరుతో పంపినాడు. ఆ కథకే బహుమతి వచ్చినది. అప్పటికే ప్రపంచఖ్యాతి గడించిన శాస్త్రజ్ఞుడు పేరు దాచుకొని పోటీకి నిలుచుటలో మాతృభాషలోని పాఠకుల తీర్పుపై ఎంత గౌరవము ఉన్నదో గ్రహింపదగును.

అయినను బిలము అనునది నేలకో గోడకో పడు రంధ్రము. కృష్ణబిలము ఖాళీ కాదు. అత్యల్పస్థలమున కూడిన అత్యధిక ద్రవ్యరాశి. అది దారినపోవు సమస్తమును పీల్చి మ్రింగునని మన వచనకవితలలోను కథలలోను తరచుగా కనబడును. ఇది రాహువును ఖగోళశాస్త్రమునకు తిరిగి తెచ్చుటయే. సూర్యుని స్థానమున అంతే ద్రవ్యరాశి గల కృష్ణబిలము ఉన్నచో భూమికి వెలుగు ఉండదు కాని, భూమి తన కక్ష్య తప్పదు. దాని ఆకర్షణ దూరమున సామాన్యమైన ఆకర్షణయే. సమీపమున ఒక ఎల్లను దాటినపుడే తిరిగిరాక లేదు. భయానకము ఆ ఎల్లలో ఉన్నది, అంగిలిలో లేదు.

2017 ఏప్రిలులో భూగోళమున నలుచెరగుల ఉన్న ఎనిమిది రేడియో టెలిస్కోపులను ఒక్కటిగా అనుసంధించి, మెస్సియర్ 87 అను గెలాక్సీ నడిమి కృష్ణబిలమును పరిశీలించినారు. అది మనకు సుమారు 5.5 కోట్ల కాంతి సంవత్సరముల దూరమున ఉన్నది; దాని ద్రవ్యరాశి 650 కోట్ల సూర్యులకు సమానము. ఆ చిత్రము 2019 ఏప్రిలు 10న ప్రకటితమైనది. మన పాలపుంత నడిమి కృష్ణబిలపు చిత్రము 2022 మే 12న వచ్చినది. ఆ చిత్రములలో కనబడు నల్లని భాగము కృష్ణబిలము కాదు, దాని నీడ. చుట్టును వంగివచ్చిన కాంతి వలయము. ఇచట తెలుగునకు అయాచితముగా ఒక మేలు జరిగినది. ఫొటోకు మనము పెట్టుకొన్న మాట ఛాయాచిత్రము. నీడను పట్టిన ఈ చిత్రమునకు ఆ మాట అక్షరాల తగినది. తగిన మాట భాషలో ఉన్నదని గుర్తించుటకు విషయము తెలిసియుండవలెను. మాటలు వెదకు శ్రమకన్న విషయము తెలిసికొను శ్రమ ముందు పడవలెనని దీనివలన తేలుచున్నది.

మూడవది 'కృష్ణపదార్థము'. ఇందు రెండు దోషములు ఉన్నవి. మొదటిది శ్లేష. నలుపు అను అర్థమున వాడిన 'కృష్ణ' శబ్దము మన చెవికి దేవుని పేరుగా తగులును. దీనికి జంటయగు 'కృష్ణశక్తి' అను మాటను వేదికలపై భగవంతుని మహిమకు శాస్త్రము పలికిన సాక్ష్యముగా వ్యాఖ్యానింపవచ్చును; భాషయే అందుకు దారి విడిచినది. రెండవ దోషము ఇంతకన్న లోతైనది. ఆ పదార్థము నల్లనిది కాదు. నల్లనిది కాంతిని పీల్చుకొనును. ఇది కాంతిని పీల్చదు, వెలువరింపదు. కాంతి దానిగుండ పోవును. అది గాజుకన్న పారదర్శకము. పోతన గజేంద్రుని నోట పలికించిన పెంజీకటి లోకములన్నిటికి అవ్వలిది. ఈ పదార్థమో, ఇవ్వలనే, పాఠకుని చేతిలోని కాగితముగుండ ఈ క్షణమున ప్రవహించుచున్నదని శాస్త్రజ్ఞులు భావించుచున్నారు. 'అదృశ్యపదార్థము' అనుట దీనికి మేలు. ఆంగ్లమున తప్పుపేరు స్థిరపడినదని తెలుగున ఆ తప్పును మోయనక్కరలేదు.

కనబడనిది ఉన్నదని ఎట్లు తెలిసినది? 1933లో ఫ్రిట్జ్ జ్వికీ ఒక గెలాక్సీల గుంపును పరిశీలించి, కనబడు పదార్థముయొక్క ఆకర్షణ ఆ గుంపును కలిపి ఉంచుటకు చాలదని చెప్పినాడు. 1970ల దశాబ్దమున వేరా రూబిన్, కెంట్ ఫోర్డ్ కలిసి గెలాక్సీల అంచులలోని నక్షత్రములు లెక్కకు మించిన వేగముతో తిరుగుచున్నవని కొలిచి చూపినారు. నేటి లెక్క ప్రకారము విశ్వమున మనము ఎరిగిన పదార్థము సుమారు 5 పాళ్లు; అదృశ్యపదార్థము 27 పాళ్లు; తక్కిన 68 పాళ్లు వ్యాకోచమును త్వరపరచు ఒక శక్తి. ఈ రీతి జ్ఞానమునకు న్యాయశాస్త్రమున అనుమానము అని పేరు. పర్వతముపై పొగను చూచి నిప్పు ఉన్నదని నిశ్చయించుట అనుమానము. అది ప్రత్యక్షమువలె ఒక ప్రమాణము. కాని నేటి తెలుగువాడుకలో అనుమానము సందేహమునకు పర్యాయపదము. 'కృష్ణపదార్థము ఉన్నదని శాస్త్రజ్ఞుల అనుమానము' అని వ్రాసినచో పండితునకు ఒక అర్థము, పామరునకు దానికి విరుద్ధమైన అర్థము కలుగును. ఒకే వాక్యము ఒకనికి ప్రమాణము, ఒకనికి శంక. 'ఊహించి, లెక్కించి తేల్చినారు' అనుట సుబోధకము.

అనుమానము ప్రమాణమే యైనను తప్పిపోవచ్చుననియు నైయాయికులు ఎరుగుదురు. పొగ యనుకొన్నది మంచు కావచ్చును. అదృశ్యపదార్థపు కణము ఒక్కటియు ఇంతవరకు ప్రయోగశాలలో పట్టుబడలేదు. ఆకర్షణ సూత్రమునే సవరింపవలెనని 1983 నుండి వాదించువారును ఉన్నారు. కావున ఇచట కావలసినది కేవలము పేరు కాదు. ఎంత నిశ్చయముతో చెప్పుచున్నారో ఆ మోతాదును పట్టి చూపగల వాక్యము.

ఈ మోతాదు విషయమే నేటి విశ్వవిజ్ఞానమున ప్రాణప్రదమైనది. వ్యాకోచవేగమును గూర్చిన వివాదము అందుకు ఉదాహరణము. విశ్వము పుట్టిన 3,80,000 ఏండ్లకు వెలువడిన తొలి కాంతి నేటికిని సూక్ష్మతరంగములుగా ఆకాశమంతట వ్యాపించియున్నది. 1964లో పెంజియాస్, విల్సన్ అనువారు యంత్రదోషమేమో యని శంకించి, పావురముల రెట్టను సయితము కడిగి, తుదకు విశ్వమునందే ఉన్నదని తెలిసికొన్న సవ్వడి అదియే. ప్లాంక్ ఉపగ్రహము ఆ కాంతిని కొలువగా, నేటి వ్యాకోచవేగము 32.6 లక్షల కాంతి సంవత్సరముల దూరమునకు సెకనుకు 67.4 కిలోమీటర్లు కావలెనని 2018 నాటి లెక్క. సమీపపు గెలాక్సీలలో వెలుగు హెచ్చుతగ్గులగు నక్షత్రములను మెట్లుగా చేసికొని, ప్రేలిపోవు నక్షత్రములవరకు దూరములను నేరుగా కొలిచిన ఆడమ్ రీస్ బృందమునకు 2022లో వచ్చిన సంఖ్య 73. తేడా చిన్నదిగా తోచును; కాని రెండు కొలతలలోని పొరపాటునకు విడిచిన అవకాశముకన్న అది చాల పెద్దది. వెండీ ఫ్రీడ్‌మన్ బృందమునకు వెబ్ టెలిస్కోపుతో దాదాపు 70 వచ్చినది. కొలతలో దోషమో, సిద్ధాంతమున లోపమో తేలలేదు.

దీనిని ఆంగ్లమున 'హబుల్ టెన్షన్' అందురు. పత్రికాభాషలో టెన్షన్ అనగా ఉద్రిక్తత. 'హబుల్ ఉద్రిక్తత' అన్నప్పుడు వీధిలో పోలీసు పహరా కన్నులగట్టును. రెండు లెక్కలు సరిపడనప్పుడు తెలుగువారు ఇండ్లలోను అంగళ్లలోను ఎల్లప్పుడు వాడు మాట పొంతన. జమాఖర్చులకు పొంతన కుదరలేదందురు. 'హబుల్ పొంతనలేమి' అన్నచో వ్యాఖ్యానమే అక్కరలేదు. ఇది సందేహాలంకారపు స్థితి. ఇదియా, అదియా యని నిలిచిన స్థితిని నిశ్చయముగా మార్చి వ్రాయుట సందేహాలంకారమును రూపకముగా చదువుటవంటి తప్పు.

ఇటువంటిదే మరొకటి. అమెరికాలోని కిట్ పీక్ శిఖరమున ఐదు వేల కాంతితంతువులతో పనిచేయు డెసీ అను పరికరము దాదాపు కోటిన్నర గెలాక్సీలను, క్వేజారులను కొలిచినది. వ్యాకోచమును త్వరపరచు శక్తి కాలముతోపాటు సన్నగిల్లుచున్నదేమో యని 2024 ఏప్రిలులోను, మరింత బలముగా 2025 మార్చిలోను ఆ బృందము ప్రకటించినది. 'ఏమో' అను మాట ఇచట కీలకము. యాదృచ్ఛికముగా అట్టి ఫలితము వచ్చు అవకాశము 35 లక్షలలో ఒకపాలునకు తగ్గినప్పుడు గాని ఈ శాస్త్రమున కనుగొన్నామనరు. డెసీ ఫలితము ఆ గీటురాయికి ఇంకను ఇవ్వలనే ఉన్నది. కాని 'కృష్ణశక్తి బలహీనపడుచున్నదని తేలినది' అని శీర్షిక కట్టుట సులభము.

ఆ తొందరకు శాస్త్రజ్ఞులును అతీతులు కారు. 2014 మార్చిలో దక్షిణధ్రువమునందలి బైసెప్ టెలిస్కోపు బృందము విశ్వజన్మక్షణపు గురుత్వతరంగముల జాడ దొరికినదని ప్రకటించినది. ఆ జాడ పాలపుంతలోని ధూళివలననే వచ్చియుండవచ్చునని మరుసటి ఏడు ప్లాంక్ బృందముతో కలిసి చేసిన పరిశీలనలో తేలినది. ముత్యపుచిప్పను వెండియని భ్రమించుట మన తర్కగ్రంథములలోని ప్రసిద్ధోదాహరణము. అలంకారికులు దానినే భ్రాంతిమంతమన్నారు. ఇందు గమనింపవలసినది భ్రాంతి కలుగుట కాదు, దానిని అదే బృందము ఏడాదిలో బహిరంగముగా విడిచిపెట్టుట. ఈ రెండవ భాగమును చెప్పని రచన శాస్త్రమును పురాణముగా మార్చును.

తెలుగుభాషకు ఈ మోతాదులు చెప్పు శక్తి లేదా? పండితుల కృతకవాక్యములలో లేకపోవచ్చును. వాడుకలో పుష్కలముగా ఉన్నది. విన్నదానికి 'అట', ఊహించినదానికి 'కాబోలు', శంకకు 'ఏమో', తెలిసినదానిని గుర్తుచేయుటకు 'గదా', హెచ్చరికకు 'సుమా'. పల్లెలో ఒక ముసలమ్మ వర్షమును గూర్చి చెప్పు నాలుగు మాటలలో ఈ ఐదును దొర్లును. తాను చూచినదేది, విన్నదేది, ఊహించినదేది అని ఆమె ఎన్నడును కలగాపులగము చేయదు. ఖగోళశాస్త్రపు వాక్యమునకు కావలసినది సరిగా ఈ వివేకమే. మన శాస్త్రరచన ఈ ప్రత్యయములను గ్రామ్యములని వెలివేసి, అన్ని వాక్యములను 'కనుగొన్నారు', 'నిరూపించినారు' అను రెండు క్రియలతో ముగించుచున్నది. పోయినది అలంకారము కాదు, సత్యముయొక్క పాళ్లు.

అనువాదకులు ఒక పాఠమును వెబ్ టెలిస్కోపునుండి నేర్వవచ్చును. 2021 డిసెంబరు 25న బయలుదేరి, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరమున నిలిచిన ఆ టెలిస్కోపు చూచునది ప్రధానముగ కంటికి కనబడని పరారుణకాంతిని. అది 2024లో పట్టిన ఒక గెలాక్సీ, విశ్వమునకు 30 కోట్ల ఏండ్లు నిండకముందటిది. 1380 కోట్ల ఏండ్ల విశ్వాయువులో అది శైశవము. ఆ కాంతి బయలుదేరిన నాటికన్న సుమారు పదిహేను రెట్లు సాగి మనకు చేరినది. 2022 జూలై నుండి మనము చూచుచున్న ఆ రంగురంగుల చిత్రములలోని రంగులు పరారుణమునకు అనువాదములు. పొడవైన తరంగమునకు ఎరుపు, పొట్టిదానికి నీలము. రంగు మూలములో లేదు. రంగుల వరుస మూలములో ఉన్నది. అనువాదకుడు వరుసను కాపాడినాడు, పాఠకుని కంటికి అందునట్లు స్థాయిని మార్చినాడు, మార్చినానని చెప్పినాడు. మంచి అనువాదమునకు ఇంతకన్న స్పష్టమైన లక్షణము చెప్పుట కష్టము. అట్లే 2015 సెప్టెంబరు 14న లైగో పరికరములకు తగిలిన గురుత్వతరంగమును శాస్త్రజ్ఞులు వినిపించినారు. 130 కోట్ల కాంతి సంవత్సరముల దూరమున రెండు కృష్ణబిలములు కలిసిపోగా పుట్టిన ఆ అల ధ్వని కాదు. కాని దాని కంపనసంఖ్య మనుష్యశ్రవణమున కందు మేరలోనే ఉన్నది. కావున 'విన్నారు' అను ఉత్ప్రేక్షకు సాధారణధర్మము ఉన్నది, అది చెల్లును.

ఇక మన సాహిత్యమున బలముగా ఉన్న మరియొక ధోరణిని గూర్చి చెప్పక తప్పదు. ప్రతి నూతనఫలితము వెలువడినప్పుడు ఇది మన పూర్వులు చెప్పినదే యను వ్యాసము వెంటవచ్చును. దానికి ఆధారముగా తరచు నాసదీయసూక్తమును చూపుదురు. ఋగ్వేదము పదవ మండలములోని ఆ సూక్తము ప్రపంచవాఙ్మయమున మహోన్నతమైనదనుటలో వివాదము లేదు. కాని దాని ఔన్నత్యము సమాధానములో లేదు. సృష్టి ఎట్లు కలిగినదో పైనుండి చూచువానికైనను తెలియునో తెలియదో యని ముగిసిన సందేహములో ఉన్నది. దానిని మహావిస్ఫోటమునకు ప్రమాణపత్రముగా చేయువారు ఆ తుదిసందేహమును కత్తిరించి, ఋషి సాహసించి నిలిపిన ప్రశ్నను తమ సౌకర్యమునకు మూసివేయుచున్నారు. ఇందువలన శాస్త్రమునకు కలుగు నష్టముకన్న వేదమునకు కలుగు నష్టము హెచ్చు.

ఈ సందర్భమున నార్లికర్ జీవితము మరల స్మరింపదగును. హాయిల్ శిష్యుడై, విశ్వమునకు ఆది యుండవలెనను సిద్ధాంతమును ఆయన అంగీకరింపలేదు. సాక్ష్యములు ప్రతిపక్షమునకు పెరుగుచున్నను, 1993లో గురువుతోను జెఫ్రీ బర్బిడ్జితోను కలిసి తన పక్షమును సవరించి తిరిగి నిలిపినాడు. శాస్త్రలోకమున అధికసంఖ్యాకులు దానిని ఒప్పుకొనలేదు. అయినను పూర్వులు చెప్పినారను మాటను ఆయన ఎన్నడును ప్రమాణముగా చూపలేదు; జ్యోతిషమును బాహాటముగా పరీక్షకు నిలిపినాడు. వారణాసి, కేంబ్రిడ్జి, ముంబయి, పుణె నగరములలో గడచిన తన జీవితమును మరాఠీలో వ్రాసికొన్న ఆత్మకథకు 2014లో సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. 2025 మే 20న ఆయన మరణించినాడు. ఓడిన పక్షమున నిలిచియు శాస్త్రజ్ఞునిగా, రచయితగా గౌరవము పొందుట శాస్త్రమున సాధ్యమని ఆయన చూపినాడు. తెలుగున అట్టి ఆత్మకథ లేకపోవుట ఒక లోటు. లోపము శాస్త్రజ్ఞుల కొరత కాదు. శాస్త్రమును స్వభాషలో జీవించు అలవాటు కొరత.

ఆకాశమునకు తెలుగునేల అపరిచితము కాదు. 1868 ఆగస్టు 18నాటి సంపూర్ణ సూర్యగ్రహణమున ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరులో నిలిచి సూర్యజ్వాలల వర్ణపటమును పరిశీలించినాడు. ఆ ఏడు సూర్యుని వర్ణపటమున కనబడిన ఒక పసుపుపచ్చ గీత అప్పటికి తెలియని మూలకమును సూచించినది. దానికి లాక్యర్ హీలియము అని పేరు పెట్టగా, 1895లో రామ్సే దానిని భూమిపై కనుగొన్నాడు. విశ్వములోని సామాన్యపదార్థమున బరువునుబట్టి నాలుగవవంతు హీలియమే యనియు, అందులో అధికభాగము తొలి నిమిషములలోనే ఏర్పడినదనియు తరువాత తెలిసినది. విశ్వజన్మకు నేటికిని నిలిచిన సాక్ష్యములలో అది ఒకటి. హీలియము అనగా సూర్యునిది అని గ్రీకు అర్థము, దానిని సంస్కృతీకరింపకయే మాట కుదురుకొన్నది. ఆస్ట్రోసాట్ 2015లోను, కృష్ణబిలముల పరిసరమునుండి వచ్చు ఎక్స్ కిరణములను పరీక్షించు ఎక్స్‌పోశాట్ 2024 జనవరి 1నను శ్రీహరికోటనుండియే ఎగసినవి.

మన పల్లెలు ఆకాశమునకు పెట్టిన పేర్లు ఈనాటికిని దోషములేనివి. కృత్తికలు పిల్లలకోడి, ధూమకేతువు తోకచుక్క, శుక్రుడు తెల్లవారుజామున వేగుచుక్క. ఆకాశగంగ యని సంస్కృతము చెప్పినదానిని తెలుగు పాలపుంత అన్నది. పుంత అనగా చేలనడుమ బండ్లు నడచు దారి. ఆ మాట పెట్టినవారు ఆకాశమును తమ ఊరిబాటకు కలిపి చూచినారు. అదే సమయమున ఇది పోలికయే యని వారికి తెలియును. పాలలో తడిసిన బండిచక్రము ఇంటికి రాలేదని ఎవరును నివ్వెరపోలేదు. పోలికను పోలికగా వాడుకొను ఈ ఆరోగ్యము నేటి రచనలకు కావలెను.

కావున రచయితలు పాటింపవలసిన నియమములు కొన్నియే. ఏ ధర్మమునకు పోల్చినారో చెప్పవలెను. పోలిక ఎచట తెగునో కూడ చెప్పవలెను. రూఢిపడిన అన్యభాషాపదమును అవయవములుగా విడదీసి అనువదింపక, హీలియమువలె ఉన్నదున్నట్లు తీసికొనుటయో, విషయమునుబట్టి వేరు మాట కట్టుటయో మేలు. చూచినదానికి, లెక్కించినదానికి, ఊహించినదానికి వేరువేరు క్రియలు వాడవలెను. 'కాంతి సంవత్సరము'ను కాలముగా వాడు అలవాటు కవులు మానుకొనవలెను, అది దూరము.

ఇవి చిన్నవిషయములుగా కనబడవచ్చును. కాని ఒక భాష తన పిల్లలకు విశ్వమును గూర్చి నిజమును నిజముగా, సందేహమును సందేహముగా చెప్పజాలనప్పుడు, వారు ఆ విషయమున మరియొక భాషలో ఆలోచింపసాగుదురు. మాతృభాష పండుగలకు, పాటలకు మిగులును. విజ్ఞానచంద్రికా మండలివారు 1906 నుండి చేసిన కృషి ఆ దుస్థితి రాకుండుటకే. నాటివారికి పారిభాషిక పదములు లేవు. నేటివారికి వేలకొలది ఉన్నవి. నేడు కొరవడినది ఒక్కొక్క మాటను దాని విషయమునకు ఎదుట నిలిపి పరీక్షించు విమర్శ. ఆ విమర్శ శాస్త్రజ్ఞులు చేసి పెట్టుదురని ఎదురుచూచుట తగదు. మాటలు మన పొలము. కలుపు తీయవలసినవారము మనమే.